ప్రశ్నలు - జవాబులు: సీత అని పేరు పెడితే కష్టాలు వస్తాయా?

ప్రశ్న: మాకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల. మా అమ్మ తన తల్లి పేరు నిలబడాలని, సీత అనే పెట్టాలని పట్టుబడుతోంది. మా అత్తగారేమో ‘ఆ తల్లి పడ్డ కష్టాలు చాలవా? ఆ పేరు పెట్టి పిల్లను అడవుల పాలు చేస్తారా?’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సీత అనే పెట్టండి.

ఈ భయం ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఒకరికి సీత, ఒకరికి ద్రౌపది, ఇంకొకరికి దమయంతి. కథలో ఎవరు కన్నీరు పెడితే వాళ్ల పేరు ఇంటికి అరిష్టమని పక్కన పెట్టేస్తున్నారు. అలా తీసేసుకుంటూ పోతే పురాణాల్లో ఆడపిల్లకు ఒక్క పేరూ మిగలదు. రాముడూ పద్నాలుగేళ్లు అడవిలోనే ఉన్నాడు, భార్యకు దూరమై కుమిలిపోయాడు. అయినా మగపిల్లాడికి రామ్ అని పెడుతుంటే ఏ ఇంట్లోనూ ఎవరూ కంటతడి పెట్టరు. ఆడపిల్ల పేరు దగ్గరే ఈ లెక్కలు ఎందుకు వస్తాయి?

సీత అంటే అర్థం ఏమిటో ఆ అత్తగారికి ఎవరూ చెప్పినట్టు లేదు. సంస్కృతంలో సీత అంటే నాగటి చాలు. ఏరువాక నాడు రైతు ఎద్దులకు బొట్టు పెట్టి, నాగలి కట్టి, నేల మీద తీసే చాలు పేరు అది. ఈ మాట రామాయణం కంటే పాతది. ఋగ్వేదం నాలుగో మండలంలోని 57వ సూక్తం సేద్యం గురించిన సూక్తం. అందులో సీతను దేవతగా పిలిచి, పంట బాగా పండించమని వేడుకుంటారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుగారి సేద్యమంతా చూసే అధికారిని సీతాధ్యక్షుడు అన్నారు. విత్తనాల సేకరణ, దుక్కి, వానల అంచనా, పొలం పని చేసేవాళ్ల కూలి, అన్నీ ఆయన బాధ్యతే. వాల్మీకి బాలకాండలో జనకుడు విశ్వామిత్రుడికి చెప్పేదీ ఇదే: నేల దున్నుతుంటే నాగటి చాలులో పాప దొరికింది, అందుకే సీత అన్నారు. ఆ పేరు పెట్టిన నాటికి అడవీ లేదు, లంకా లేదు. దున్నిన నేల ఉంది, ఆ నేలలో దొరికిన బిడ్డను ఎత్తుకున్న తండ్రి ఉన్నాడు.

అలాగని అత్తగారి భయం గాలిలోంచి పుట్టిందేమీ కాదు. సీత పుట్టిల్లు మిథిల. ఇప్పటి ఉత్తర బిహార్, దాన్ని ఆనుకున్న నేపాల్ ప్రాంతం. అక్కడ మార్గశిర శుద్ధ పంచమిని సీతారాముల పెళ్లిరోజుగా, వివాహ పంచమిగా జరుపుకుంటారు. నేపాల్‌లోని జనక్‌పూర్ జానకీ మందిరంలో ఉత్సవం వైభవంగా సాగుతుంది. అయినా మిథిలలో చాలా ఇళ్లవాళ్లు ఆ రోజున తమ ఆడపిల్లకు పెళ్లి ముహూర్తం మాత్రం పెట్టుకోరు. కూతుర్ని ఇచ్చుకున్న పుట్టింటివారి బాధ అది. దాన్ని తీసిపారేయనక్కర్లేదు.

తెలుగువాళ్ల సంగతి వేరు. ఇక్కడ చైత్ర శుద్ధ నవమి నాడు రాముడి పుట్టినరోజే సీత పెళ్లిరోజు కూడా. ఊరూరా పందిరి వేస్తారు, పానకం, వడపప్పు పంచుతారు, తలంబ్రాలు ఇంటికి తెచ్చుకుని పెళ్లీడు పిల్లల తల మీద చల్లుతారు. ఖమ్మంలో ఉండేవారికి భద్రాచలం గురించి కొత్తగా చెప్పేదేముంది? అక్కడి కల్యాణంలో అమ్మవారికి మూడు మంగళసూత్రాలు. దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి, రామదాసు తరఫున మూడోది. గోల్కొండ ఏలుబడిలో తహసీల్దారుగా పనిచేసిన ఒక తెలుగువాడు సీత పెళ్లిలో ఇంటి పెద్దగా నిలబడ్డాడు. ఏటా ఆ పెళ్లిని అంత సంబరంగా చేసుకునే నేలమీద ఆ పేరంటే భయమెందుకు?

పేరుకు తగ్గ బతుకే కావాలనుకుంటే డొక్కా సీతమ్మ గారిని తలుచుకోండి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వెళ్లి, 1909లో కన్నుమూసే దాకా గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా వండి వడ్డించారు. ఆ ఊరి దగ్గరి కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే. చేబ్రోలులో పుట్టిన నవలా రచయిత్రి వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టి మనిషి’ రాశారు. భూమిని నమ్ముకున్న రైతు కథ అది. ఒక సీతమ్మ అన్నం పెట్టింది, ఒక సీతాదేవి మట్టి గురించి రాసింది.

అత్తగారిని నొప్పించకండి. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసేటప్పుడు ఆవిడ చేతనే రాయించండి. నాగటి చాలు అనే మాటను బియ్యంలో రాస్తున్నామని చెప్పండి. ఆవిడ తప్పకుండా అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: సీత పేరును ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువ కలిపితే పాపకు కలిసొస్తుందని సంఖ్యాశాస్త్రం తెలిసినాయన చెప్పారు. కలపమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దు, ఆయనకిచ్చే దక్షిణ పాప పేరున పోస్టాఫీసులో వేయండి.

ప్రశ్న: జానకి, వైదేహి, మైథిలి... అన్నీ సీత పేర్లే కదా. ఏది పెట్టినా ఒకటేనా?
– కొత్తగా తల్లి కాబోతున్న పాఠకురాలు, వరంగల్

జవాబు: మనిషి ఒకరే, అర్థాలు వేరు. జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి విదేహ రాజ్యపు పిల్ల. మైథిలి మిథిలా నగరపు పిల్ల. ఈ మూడు పేర్లూ ఆమె ఎవరి బిడ్డో, ఏ ఊరిదో చెబుతాయి. భూమిజ, అవనిజ అంటే నేలలో పుట్టినది. ఒక్క సీత మాత్రమే ఆమె సొంత పేరు. వీటన్నిటిలో తెలుగు ఇళ్లలో ఎక్కువ చనువు దొరికింది జానకికి. రేపల్లె దగ్గరి పల్లపట్లలో 1938లో పుట్టిన గాయని ఎస్. జానకి ఆ పేరును దక్షిణాదిలో ఇంటింటి పేరు చేశారు. వైదేహి, మైథిలి ఇంకా ఎక్కువమందికి పెట్టని పేర్లు కాబట్టి కొత్తగా వినిపిస్తాయి. ఏది పెట్టినా పొట్టిపేరుగా ముక్కలు చేయకుండా పూర్తిగా పిలవండి. మూడక్షరాల పేరు పలకడానికి ఎవరికీ తీరిక లేకుండా పోదు.

ప్రశ్న: సీత, సిత, సితార ఒకే మాటకు రూపాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. సీత నాగటి చాలు, సిత అంటే తెల్లనిది, సితార ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, నక్షత్రం అని అర్థం. ఒక్క దీర్ఘం పోతే అర్థం మారిపోతుంది.

ప్రశ్న: పాపది చిత్తా నక్షత్రం. ‘పె, పో, రా, రి’ అక్షరాలతోనే పేరు పెట్టాలన్నారు. మాకు సీత ఇష్టం. దోషమా?
– దంపతులు, విజయనగరం

జవాబు: దోషం లేదు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అనే పద్ధతి మనకు ఎప్పటి నుంచో ఉంది. నక్షత్రాన్ని బట్టి వచ్చిన పేరు పూజలో, జాతకంలో చెప్పుకుంటారు, నలుగురూ పిలిచే పేరు తల్లిదండ్రుల ఇష్టం. పురోహితుణ్ని అడిగితే ఆయనే ఈ మాట చెబుతారు.

ప్రశ్న: నా పేరు సీతామహాలక్ష్మి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. కాలేజీలో అందరూ ‘అమ్మమ్మ పేరు’ అని నవ్వుతున్నారు. చదువుకు అమెరికా వెళ్లాలని ఉంది, అక్కడ ఎవరూ పలకలేరని భయం. మార్చుకోవాలనుంది.
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: నవ్వినవాళ్లు 2022లో ‘సీతారామం’ చూసే ఉంటారు. అందులో కథానాయిక పేరు నీ పేరే. అంతకుముందు 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’లో మీనా పాత్ర పేరు సీత, 2013లో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో అంజలి పాత్ర పేరూ సీతే. అమ్మమ్మల తరంలో సీతమ్మ, సీతారావమ్మ, సీతాలు లేని వీధి ఉండేది కాదు. నేటి హాజరు పట్టీల్లో ఆ పేరు తగ్గిందే తప్ప, ప్రేమగా పిలుచుకునే అమ్మాయి పేరు కావాల్సి వచ్చినప్పుడు తెలుగు సినిమా మళ్లీ ఆ గుమ్మం దగ్గరికే వస్తోంది. మగవాళ్లూ ఈ పేరును వదల్లేదు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన పట్టాభి సీతారామయ్య, పాటల రచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి తమ పేర్లలో సీతనే ముందు పెట్టుకున్నారు.

ఇక బయటి దేశాల భయం అక్కర్లేదు. థాయిలాండ్ రామకియెన్‌లో ఆమె సీదా. ఇండోనేసియాలో సింటా, ముస్లిం కుటుంబాల్లో కూడా ఆడపిల్లకు పెట్టుకునే పేరు. 1999 నుంచి 2001 దాకా అధ్యక్షుడిగా ఉన్న అబ్దుర్రహ్మాన్ వాహిద్ భార్య పేరు సింటా నురియా. రెండక్షరాల సీతను పలకలేని నోరు ప్రపంచంలో ఎక్కడా ఉండదు. అక్కడ సీత అని పరిచయం చేసుకో, కాగితాల మీద పూర్తి పేరు ఉంచుకో తల్లీ. మార్చుకోకు.

ప్రశ్న: పేరు తేలకముందే పాప పుట్టుక నమోదు చేయించాలా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చేయించాలి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు జరగాలి, అప్పటికి పేరు లేకపోయినా ఫర్వాలేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకూ, పుట్టిన తేదీకి ఆధారంగా జనన ధ్రువపత్రమే కావాలి. అందుకే సీత అనే పెట్టాలనుకుంటే ఇంగ్లిష్‌లో ‘త’ అక్షరాన్ని ఎలా రాయాలో ఇంట్లోనే తేల్చుకుని, కాగితం మీద రాసి, ఆ కాగితమే పట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. ఆధార్‌లోనూ అవే అక్షరాలు ఉండాలి.