హోమ్ లోన్ ఫైలు చదవడం నేర్చుకుంటారా?

డిగ్రీ చేతికొచ్చి, బ్యాంకు పరీక్షలు రాస్తూ ఎదురుచూసేవాళ్లు పెద్దగా పట్టించుకోని పని ఒకటుంది: హోమ్ లోన్ డీఎస్‌ఏ. బ్యాంకుకీ ఇల్లు కొనేవాళ్లకీ మధ్య ఫైలు నడిపే ఏజెంటు. లోను డబ్బు విడుదలయ్యాకే బ్యాంకు కమీషన్ ఇస్తుంది. ఫైలు మధ్యలో ఆగిపోతే తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా రాదు. అందుకే వస్తూనే బ్యాంకు ఇచ్చే సొంత ఏజెంట్ కోడ్‌తో దిగకుండా, ఏడాదైనా ఓ పాతకాపు దగ్గర జీతానికి చేరడం మేలు.

ఎవరి దగ్గర చేరాలన్నదే అసలు సంగతి. అపార్ట్‌మెంట్ల సైటాఫీసుల్లో, డాక్యుమెంట్ రైటర్ల దగ్గర వాకబు చేయండి. ఎవరి ఫైళ్లు సాఫీగా పాసవుతాయో వాళ్లకు బాగా తెలుసు. కస్టమర్ దగ్గర ముందే ‘ఖర్చులకు’ అని గుంజేవాళ్లను వదిలేయండి. జీతం స్లిప్పు, ఐటీ రిటర్ను ‘సెట్ చేస్తాం’ అనేవాళ్ల గుమ్మం అసలు తొక్కొద్దు. ఫోర్జరీ కేసంటూ పడితే ఫైలు మోసుకెళ్లిన కుర్రాడినీ పిలుస్తారు. చేరబోయే ముందు, ఈమధ్య ఏ ఫైలు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అని అడిగి చూడండి. ఒక్కటీ గుర్తురానివాళ్ల దగ్గర నేర్చుకునేది తక్కువే.

నేర్చుకోవాల్సింది మాటకారితనం కాదు, కాగితాలు చదవడం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే పాత తనఖా కనిపిస్తుంది. ‘ఆ లోను ఎప్పుడో కట్టేశాం’ అంటాడు అమ్మేవాడు. నిజమే, కట్టేశాడు, బ్యాంకు ఎన్‌ఓసీ కూడా బీరువాలో ఉంది. కానీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు చేయించలేదు. ఇది ఫైలు బ్యాంకులో లాగిన్ చేయకముందే పట్టుకుంటే కొద్దిరోజుల పని. బ్యాంకు లాయరు పట్టుకుంటే ఒప్పందం గడువు దాటిపోయి అడ్వాన్సు దగ్గర తగాదా మొదలవుతుంది. లింకు డాక్యుమెంట్లలో ఒకచోట వెంకటరమణ, ఇంకోచోట వెంకట రమణయ్య అని ఉన్నా ఇదే తంతు.

లెక్కా రావాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోను ఆస్తి విలువలో 90 శాతం మించకూడదు. 30 నుంచి 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం. 60 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా 48 లక్షలన్నమాట. ఆ 60 లక్షల్లో రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. బ్యాంకు వాల్యూయర్ విలువ 54 లక్షలే కట్టాడా, లోను 43 లక్షల 20 వేలకు దిగుతుంది. ‘మొత్తం లోనే వస్తుందన్నారుగా అన్నా’ అని కస్టమర్ నిలదీసేది ఇక్కడే. కాబట్టి చేతిలో ఎంత ఉండాలో మొదటిరోజే చెప్పేయాలి. కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి.

సొంత కోడ్ తీసుకునే రోజు వస్తే ఒప్పందంలో ఒక పేరా ఆగి చదవండి: కస్టమర్ లోనును తొందరగా వేరే బ్యాంకుకు మార్చుకుంటే ఇచ్చిన కమీషన్ వెనక్కి తీసుకుంటారా అన్నది. వచ్చే కమీషన్‌లో టీడీఎస్ కోత ఉంటుంది. పాన్‌తో రిటర్ను వేయడం మానొద్దు. రేపు మీ ఇంటి లోనుకు మీరూ ఆదాయం చూపించాల్సిందే.