విడువని తల తిరుగుడు: ఆందోళన తగ్గించు మాత్రలు – పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

"తల తిరుగుచున్నది" అను మాట వినబడని గ్రామము లేదు. మండుటెండలో నాట్లు వేసి వచ్చిన కూలీ ఆ మాట అనును. రక్తపుపోటు గల వృద్ధుడు అనును. కాన్పు అయి రక్తము తగ్గిన తల్లి అనును. మాట ఒక్కటే అయినను దాని వెనుకనున్న కారణములు అనేకములు. చాలమందికి ఈ బాధ కొలది దినములలో తీరిపోవును. కొందరికి మాత్రము నెలల తరబడి విడువదు. అట్టివారిని పరీక్షించిన వైద్యుడు ఒక్కొక్కసారి ఆందోళన తగ్గించు మాత్రలను వ్రాయుట కలదు.

చిక్కు ఇక్కడనే మొదలగును. "నాకు పిచ్చి అనుకొన్నాడా డాక్టరు?" అని ఒకరు ఆ మాత్రను పెరటిలో పారవేయుదురు. అది వేసికొన్న రాత్రి హాయిగా నిద్ర పట్టినదని ఇంకొకరు చీటీ లేకుండ సంవత్సరముల తరబడి మ్రింగుచుందురు. ఈ రెండును పొరపాట్లే. ఎందువలన పొరపాట్లో, వానిని సరిదిద్దుటకు గ్రామ పెద్దలు ఏమి చేయగలరో ఈ పాఠమున విచారింతము.

ఒక ఉదాహరణము

2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరిన నాయుడుపేటకు సమీపమున, స్వర్ణముఖి ఒడ్డున, ఒక గ్రామము ననుకొందము. అందు ఏబది ఐదేండ్ల గృహిణి ఒకతె తెల్లవారుజామున పక్కమీద లేవబోగా ఇల్లంతయు గిర్రున తిరిగినది. వాంతులయినవి. పది దినములు మంచము దిగలేదు. తరువాత ఆ గిరగిర తగ్గినది గాని, మరొక బాధ మిగిలిపోయినది. నడచుచుండగా నేల పరుపువలె మెత్తగా తోచును. నిలుచున్నప్పుడు పడవలో నిలిచినట్లుండును. నాయుడుపేట బజారులో జనము నడుమ నడువలేదు. పెద్ద రోడ్డు ప్రక్కన నిలిచి పోవుచున్న లారీలను చూచినచో పడిపోవుదునేమో యను భయము. మొదట పొలము మానినది, తరువాత బజారు మానినది, తుదకు గడప దాటుట మానినది.

ఇరుగుపొరుగువారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. కొడుకు తిరుపతిలో వైద్యునికి చూపెను. వైద్యుడు ఒక మాత్ర వ్రాసి, కొన్ని కసరత్తులు నేర్పెను. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ మాత్ర ఆందోళనకు, దిగులుకు వాడునదని ఎవరో చెప్పిరి. పెండ్లి కావలసిన కూతురున్న ఇల్లు; మాట పొక్కునేమో యని ఆమె మాత్రలను బియ్యపు డబ్బాలో దాచివేసినది.

ఇట్టి ఇల్లు మీ వార్డులో ఉన్నదేమో ఆలోచింపుడు.

శరీరము నిలుకడగా నుండుట ఎట్లు?

మనము పడిపోక నిలుచుటకు ముగ్గురు సాక్షులు కలరు. మొదటిది లోపలి చెవి. అందు ద్రవముతో నిండిన మూడు వంకర గొట్టములు ఉండి తల యెటు తిరిగినదో తెలుపును. రెండవది కన్ను. మూడవది పాదములు, కీళ్లు, కండరములు. ఈ మువ్వురి సాక్ష్యమును మెదడు విని, సర్పంచివలె తీర్పు చెప్పును. సాక్ష్యములు కలిసినప్పుడు నడక సాఫీగా సాగును. ఒకరి మాట తప్పినచో తల తిరుగును.

చెవికిని తల తిరుగుడునకును గల సంబంధమును 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు మెనియర్ వెల్లడించెను. చెవిలో చల్లని నీరు, వెచ్చని నీరు పోసినప్పుడు రోగికి తల తిరుగుటను గమనించి, దానినుండి పరీక్షా విధానము నేర్పరచిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. ఆయన పేరిట వెలసిన వైద్య సంఘము 2017లో ఒక వ్యాధికి లక్షణములను నిర్ణయించినది. మూడు నెలలు లేక అంతకు మించి, ఇంచుమించు ప్రతి దినము తూలినట్లుండుట. నిలుచున్నను, కదలినను, జనసమ్మర్దమును చూచినను అది హెచ్చగుట: ఇవి దాని గుర్తులు. పై గృహిణి బాధ ఇట్టిదే.

దీని కారణము నొక పోలికతో గ్రహింపవచ్చును. ఊరిలో ఒకసారి దొంగలు పడిన తరువాత కావలివాడు ఆకు కదలినను కేక వేయును. దొంగ పోయి నెలలయినను వాని కునుకు రాదు. అట్లే చెవిలోని తొందర తీరినను మెదడు భయము విడువదు. ప్రతి అడుగును అనుమానించును, కండరములను బిగపట్టును, చెవిని నమ్మక కంటిమీద అతిగా ఆధారపడును. ఇది నటన కాదు, పిచ్చి కాదు, గాలి కాదు. మెదడునకు పట్టుబడిన ఒక తప్పు అలవాటు. దిగులు, భయము దానిని పెంచును. కనుకనే ఆ మాత్ర.

రెండు తెగల మాత్రలు

ఆందోళన తగ్గించు మాత్రలన్నియు ఒక్కటి కావు. ఈ భేదము తెలియకపోవుటచేతనే ఎక్కువ నష్టము కలుగుచున్నది.

మొదటి తెగలో సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ మొదలగునవి కలవు. విడువని తల తిరుగుడునకు వైద్యులు ఎక్కువగా వ్రాయునవి ఇవియే. చిన్న మోతాదుతో ప్రారంభించి మెల్లగా పెంచుదురు. మొదటి వారములలో వికారము, నిద్రలో మార్పు, కొంత అలజడి కలుగవచ్చును. ఫలము వెంటనే కానరాదు; రెండు మూడు నెలలు ఓపిక పట్టవలెను. మేలు కనిపించిన తరువాతను వైద్యుడు చెప్పిన కాలము వాడవలెను. అందరికి గుణమిచ్చునని చెప్పజాలము గాని, అనేకులకు ఉపకరించుచున్నవి. వీనియందు మత్తుపై మోజు పుట్టదు. అయినను ఉన్నట్టుండి మానరాదు. మానినచో తల తిరుగుడే మరల హెచ్చగును.

రెండవ తెగలో డయజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్ మొదలగునవి కలవు. ఇవి గంటలోపలనే మనస్సును, చెవి వ్యవస్థను శాంతింపజేయును. తీవ్రముగా తిరుగుచు వాంతులగునప్పుడు కొలది దినములకు వైద్యుడు వీనిని వాడుట ఉచితమే. కాని నెలల తరబడి వాడినచో, నేర్చుకొనవలసిన మెదడు జోగుచుండును. నిలుకడ తిరిగి అలవడుట ఆలస్యమగును. జ్ఞాపకము మందగించును. రాత్రి లేచిన వృద్ధులు తూలిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొందురు. సారాయితోగాని, కల్లుతోగాని కలిసినచో ఊపిరియే ఆగవచ్చును. ఈ మాత్ర వేసికొన్నవారు ట్రాక్టరు నడుపరాదు, తాటిచెట్టు ఎక్కరాదు, బావి గట్టున పని చేయరాదు. మేనకూరు పారిశ్రామిక ప్రాంతమున యంత్రములకడ పని చేయువారు ఈ సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను.

హఠాత్తుగా మానినచో

రెండవ తెగ మాత్రలకు శరీరము అలవాటుపడును. అప్పుడు ఒక్కసారి మానుట అపాయము. ఇందుకు మన తెలుగుదేశమునందే ఒక గొప్ప నిదర్శనము కలదు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపి అమ్ముచుండిరి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీపై దాడులు సాగింపగా ఆ కల్లు దొరకకపోయెను. నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతములలో అనేకులు వణకుచు, వింతగా ప్రవర్తించుచు, మూర్ఛలు వచ్చి ఆసుపత్రులలో చేరిరి. వారు తాము మందు తిన్నట్లే ఎరుగరు. అయినను శరీరము ఆ లెక్క మరువలేదు.

కావున మీ గ్రామమున ఎవరైనను ఈ మాత్రను చాలకాలముగా వాడుచున్నచో, "పారవేయుము" అని సలహా ఇయ్యకుడు. వైద్యుని యొద్దకు పంపుడు. ఆయన వారముల తరబడి, ఒక్కొక్క మారు నెలల తరబడి, కొద్ది కొద్దిగా తగ్గించి మాన్పించును.

డయజిపామ్, ఆల్ప్రజోలామ్ మొదలగునవి ఔషధ నియమములలోని 'హెచ్1' జాబితాలో చేరినవి. ఈ జాబితా 2014 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వీనిని వైద్యుని చీటీ లేకుండ అమ్మరాదు. వైద్యుని పేరు, రోగి పేరు, మందు, దాని పరిమాణము దుకాణదారుడు వేరు రిజిస్టరులో వ్రాసి మూడు సంవత్సరములు భద్రపరుపవలెను. "పొరుగింటి మాత్ర నాకును పని చేసినది" అని అరువు తెచ్చుకొనుట ఈ కట్టుబాటును తప్పించుటయే.

ముందు కారణము, తరువాత మాత్ర

ఏ మాత్రకైనను ముందు పరీక్ష అవసరము. పక్కమీద ప్రక్కకు తిరిగినప్పుడు మాత్రమే కొన్ని క్షణములు గిర్రున తిరిగినచో, లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పియుండవచ్చును. వైద్యుడు తలను ఒక క్రమములో త్రిప్పి వానిని స్వస్థానమునకు చేర్చును. చాలమందికి మందు లేకుండనే, ఒకటి రెండు సారులలోనే నయమగును. లేచి నిలిచినంతనే కన్నులు చీకట్లు క్రమ్మినచో పడుకొన్నప్పుడును, నిలుచున్నప్పుడును రక్తపుపోటు కొలిపింపవలెను. వాడుచున్న పోటు మాత్రలే కారణము కావచ్చును. రక్తహీనత, చక్కెర పడిపోవుట, ఎండదెబ్బ కూడ ఇట్లే చేయును.

తల తిరుగుడుతోపాటు మూతి వంకర పోవుట, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు చచ్చుబడుట, వస్తువు రెండుగా కనబడుట, బొత్తిగా నిలువలేకపోవుట, ఎన్నడు లేని తలనొప్పి, గుండెనొప్పి, స్పృహ తప్పుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను మంత్రము, మాత్ర రెండును కట్టిపెట్టి 108కి ఫోను చేయవలెను. పక్షవాతమున రక్తపు గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. నాయుడుపేట ప్రాంతమునుండి పెద్ద ఆసుపత్రికి చేరుటకే కొంత కాలము పట్టును గనుక ఇంటివద్ద జాగు చేయరాదు.

కదలికయే అసలు మందు

మాత్ర భయమును తగ్గించును, నడక నేర్పదు. నడక నేర్పునది అభ్యాసము. 1940 దశకమున ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అను వైద్యులు తలకు దెబ్బలు తగిలిన రోగులకు ఇట్టి కసరత్తులు నేర్పిరి. చూపు ఒక గుర్తుపై నిలిపి తలను మెల్లగా అటునిటు త్రిప్పుట. గోడ ప్రక్కన పాదములు చేర్చి నిలుచుట. ఇంటివారి తోడుతో వీధి చివరివరకు, తరువాత బజారువరకు నడచుట. మొదట తల కొంచెము హెచ్చుగా తిరుగును. అది మెదడు నేర్చుకొనుటకు గుర్తు. వైద్యుడు చూపిన మేరకు దినదినము పెంచుకొనవలెను. మంచమునకు అంటుకొనుట వలన వ్యాధి పెరుగును.

పంచాయతీ కర్తవ్యము

మందు వ్రాయుట మన పని కాదు. కాని ఈ క్రింది పనులు మనవే.

1. వీధి దీపములు. తల తిరుగువారు కంటిమీద ఆధారపడుదురు. చీకటిలో ఆ ఆధారము పోవును. వారి వీధిలో దీపము వెలుగుట వైద్యములో సగము.

2. మూతలేని మురుగుకాలువలకు పలకలు, బావులకు పిట్టగోడలు, పంచాయతీ కార్యాలయపు మెట్లకు పట్టుకమ్మి ఏర్పాటు చేయుట.

3. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశమున ఆశా కార్యకర్తతో కలిసి, నెలల తరబడి గడప దాటనివారెవరో, చీటీ లేకుండ నిద్రమాత్రలు వాడువారెవరో విచారించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట. వారి పేర్లు సభలో చదువరాదు.

4. 14416 అను టెలిమానస్ సంఖ్యను కార్యాలయపు గోడపై వ్రాయించుట. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులోనే సలహా పొందవచ్చును.

5. అన్నిటికంటె ముఖ్యము, నోటిని అదుపులో నుంచుకొనుట. "పిచ్చి మాత్ర" అని రచ్చబండ వద్ద ఒకడు నవ్విన నవ్వు ఒక ఇంటి వైద్యమును ఆపివేయును.

మన ఉదాహరణములోని ఇంటికి వార్డు సభ్యురాలు వెళ్లినదనుకొందము. "అత్తా, చక్కెరకు మాత్ర మింగితే సిగ్గు లేదు, దీనికెందుకు సిగ్గు? చెవి చేసిన అల్లరికి మెదడు బెదిరింది. ఆ బెదురు తగ్గడానికే ఇది. రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను, ఎన్నాళ్లు వాడాలో ఆయన్నే అడుగుదాం" అని ఆమె చేయి పట్టుకొన్నచో, బియ్యపు డబ్బాలోని మాత్ర బయటికి వచ్చును. మొదటి దినము గడప వరకు, పది దినములకు వీధి చివరి వరకు, కొన్ని నెలలకు నాయుడుపేట బజారు వరకు ఆమె నడువగలుగును. ఆ నడకకు వైద్యుని చీటీతోపాటు ఊరివారి మంచిమాటయు కావలెను. ఆ మాట చెప్పుట మన వంతు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున చీటీ లేకుండ మాత్రలు ఎచ్చట దొరకుచున్నవి? దానిని ఆపుట ఎట్లు?

2. వృద్ధులు రాత్రివేళ తూలిపడు చోట్లు ఏవి? ఈ సంవత్సరమున వానిలో ఎన్నిటిని బాగుచేయగలము?

3. చాలకాలముగా మాత్ర వాడువారిని బెదరింపక వైద్యుని యొద్దకు చేర్చు భారము ఎవరు వహింతురు?