అందరూ సంక్రాంతికేనా?

ప్రశ్న: మాది పర్చూరు దగ్గర పల్లె. ఏటా సంక్రాంతికి 60 మందిమి రక్తమిస్తాం. మిరప కోతలప్పుడు కబురొస్తే ఒక్కరూ దొరకరు. ఎలా?

జవాబు: చిక్కంతా ఆ ఒక్కరోజులోనే ఉంది. మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. అంటే ఏప్రిల్ నడిమిదాకా మీ ఊరంతా సెలవే, సరిగ్గా కోతల కాలంలో! మీరిచ్చిన ఎర్రకణాలేమో 35 నుంచి 42 రోజులకు మించి నిల్వ ఉండవు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకు పండగలతో పనేముంది?

గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసి ఒక నోటుపుస్తకం పెట్టండి. బ్లడ్‌బ్యాంకును ముందే అడిగి, నెలకు ఐదుగురు వెళ్లండి. నెగటివ్ గ్రూపుల వాళ్లను మాత్రం వరసలో పెట్టకండి, పిలుపొచ్చినప్పుడే పంపండి. ఎక్కడ ఎంత నిల్వుందో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోశ్‌లో చూడొచ్చు. అయినా ఒక ఫోన్ చేసి కనుక్కుంటేనే నాకు నమ్మకం.