1914 నాటి సేనల ఉడుపులు

వేసవిలో కదిరి చుట్టుపట్ల బాటలపై దినమంతయు నడచినవాని తెల్లపంచె సాయంకాలమునకు ఏ రంగు తేలునో మనమందఱము చూచియే యున్నాము. సైనికుల ఖాకీకి ఇట్టి దుమ్మే పేరిచ్చినది. పారసీకమున ‘ఖాక్’ అనగా ధూళి. 1846లో పెషావరున నేర్పడిన గైడ్స్ దళమువారు ఈ రంగు బట్టలను మొదట తొడిగినవారిలో చేరుదురు. ఆ కాలమున ఇంగ్లీషు సోల్జరునకు ఎఱ్ఱకోటే గౌరవము. తుపాకిమందు పొగలో తనవారు తన్ను గుర్తించుటకు మెఱయు రంగు కావలసియుండెను. పొగలేని మందును, దూరము కొట్టు తుపాకియు వచ్చిన పిమ్మట ఆ రంగే శత్రువునకు గుఱి యయ్యెను. బ్రిటిషువారు 1902లో స్వదేశమునందును ఖాకీని గైకొనిరి. జర్మనులు 1910లో ఆకుపచ్చ చాయగల బూడిదరంగును స్వీకరించిరి.

ఫ్రెంచివారు మాత్రము నీలికోటును, ఎఱ్ఱలాగును విడువలేకపోయిరి. ఆ లాగును మార్చుట దేశమునకే చిన్నతనమని వారి శాసనసభలో వాదించినవారును గలరు. ఇందొక వింత గలదు. ఆ ఎఱుపు పూర్వము మంజిష్ఠజాతి వేరునుండి తీయబడెడిది. పిమ్మట జర్మనీ కార్ఖానాలలో చేసిన అలిజరిన్ వచ్చి ఆ సేద్యమును మాన్పెను. మన మచిలీపట్టణపు అద్దకమువారి చిరివేరును వెనుకకు నెట్టినదియు ఆ రంగే! ఫ్రాన్సు ఠీవి యని చెప్పుకొన్న లాగునకు రంగు శత్రుదేశపు సరకన్నమాట. తుదకు 1914 జూలైలో క్రొత్త ఉడుపులకు చట్టమైనది కాని, అవి కుట్టులోపలనే ఆగష్టులో యుద్ధము వచ్చిపడెను. ఆగష్టు 22వ తేదీ యొక్కనాడే సుమారు 27,000 మంది ఫ్రెంచివారు మడిసిరి. దుస్తులొక్కటే కారణమని మేమనము. మరతుపాకుల కెదురుగా బయలున సేనలను నడపిన వారి తప్పు అంతకన్న పెద్దది. 1915లో వారికి లేతనీలి బట్టలును ఉక్కుటోపులును వచ్చెను.

మనదేశపు సిపాయిలకు రంగు కుదిరినది గాని బట్ట కుదరలేదు. 1914 సెప్టెంబరులో మార్సేల్సు రేవున దిగినవారిలో అనేకులకు పలుచని నూలుఖాకీయే యుండెను. అక్టోబరు చలిలో ఈప్రు కందకములలో దానితోనే నిలిచిరి. ఉన్నిబట్టలు తరువాత చేరెను. సికిందరాబాదు అశ్వదళమును ఆ యేడే ఫ్రాన్సు చేరెను. అందలి దక్కను హార్సువారు 1916 జూలై 14వ తేదీ సాయంకాలము, సొమ్ నదీప్రాంతమున, హైవుడ్ అను అడవివైపు పైరుచేలలో బల్లెములతో గుఱ్ఱములను దుమికించిరి. ఖాకీ తొడిగినను, గుఱ్ఱముపై నున్నవాడు చేనిలో దాగలేడు గదా. చీకటి పడినపిమ్మట వారు గుఱ్ఱములు దిగి ఆ చోటనే కావలియుండిరి. తెల్లవాఱుజామున వారిని వెనుకకు రప్పించిరి.