పానిక్ అటాక్ వస్తే రాజీనామా కంటే ముందు వైద్యం

నెలాఖరు రివ్యూ మీటింగ్. మీ వంతు రాబోతోంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. అరచేతులకు చెమట పడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గొంతు పట్టేసి గాలి అందనట్టు ఉంటుంది. స్క్రీన్ మీది అంకెలు అలుక్కుపోతాయి. ‘పడిపోతానేమో, ప్రాణం పోతోందేమో’ అన్న భయంతో తలుపు తీసుకుని బయటికి పరుగెత్తాలనిపిస్తుంది. ఇదే పానిక్ అటాక్. పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, సాధారణంగా అరగంట లోపే తగ్గిపోతుంది. బ్యాంకు కౌంటర్లో ఉన్నవారికీ, పాఠం చెబుతున్న టీచరుకీ, నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో వెళుతున్నవారికీ రావచ్చు. నిద్రలోనూ రావచ్చు.

ఆ అరగంట ఎంత భయపెట్టినా దాటిపోతుంది. ఉద్యోగాన్ని దెబ్బతీసేవి, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఆ తర్వాత మనం తీసుకునే నిర్ణయాలు. అందుకే దీన్ని ముందే అర్థం చేసుకోవాలి.

ఒంట్లో జరిగేది

ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు పొరబడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం, ఊపిరి వేగం రెండూ హెచ్చుతాయి. అవసరానికి మించి ఊపిరి తీసుకోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తల తిరగడం, వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి దానివల్లే. వాటిని చూసి గుండెపోటు అనుకుంటాం. ఆ ఆలోచనతో భయం రెట్టింపవుతుంది, లక్షణాలు ఇంకా పెరుగుతాయి. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించిన వలయం ఇదే. నేటి చికిత్సలో ప్రధానంగా తెంచేది కూడా దీన్నే.

మొదటిసారైతే గుండెనే అనుమానించండి

పానిక్ అటాకో, గుండెపోటో పైకి చూసి తేల్చలేం. ఛాతీ నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకుతున్నా, మెట్లెక్కినప్పుడు వస్తున్నా, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి. గ్యాసేలే అని సోడా తాగి కూర్చోవద్దు. ఈసీజీతో పాటు డాక్టర్ చెప్పిన రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. గుండె బాగుందని డాక్టర్ తేల్చాక మాత్రం అవే పరీక్షల కోసం ఆస్పత్రులు మారకండి. ఒక్కో రిపోర్టు రెండు రోజుల ధైర్యమిస్తుంది, మూడో రోజు అనుమానం మళ్లీ మొదలవుతుంది.

వచ్చిన ఆ పది నిమిషాలు

- బండి నడుపుతుంటే పక్కకు ఆపండి. యంత్రం దగ్గరో, ఎత్తు మీదో ఉంటే ముందు అక్కడి నుంచి తప్పుకోండి.
- ‘ఇది పానిక్ అటాక్. పెరుగుతుంది, తగ్గుతుంది’ అని మీకు మీరే చెప్పుకోండి.
- గాలి అందడం లేదని గబగబా పీల్చకండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. కవర్లో ఊపిరి తీసుకోవడం పాత చిట్కా. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం.
- వీలైతే ఉన్నచోటే కూర్చోండి. బయటికి వెళ్లక తప్పకపోతే, తగ్గాక తిరిగి అదే చోటికి రండి.

పక్క సీటు వారు చుట్టూ మూగకూడదు. ‘ఊరికే టెన్షన్ పడకు’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. ‘నేనిక్కడే ఉంటాను, తొందరేం లేదు. నాతో పాటు నెమ్మదిగా ఊపిరి వదులు’ అంటే చాలు.

జబ్బుగా ఎప్పుడు మారుతుంది?

ఒకటి రెండు అటాక్‌లు వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. కారణం లేకుండా పదేపదే వస్తూ, మళ్లీ వస్తుందన్న దిగులు గానీ, దానివల్ల నడవడిలో మార్పు గానీ నెల, అంతకు మించి ఉంటే పానిక్ డిజార్డర్ అంటారు. డెడ్‌లైన్లు, పిల్లల చదువు, ఈఎంఐలు అంటూ ప్రతిదాని మీదా అదుపులేని ఆందోళన 6 నెలలుగా దాదాపు రోజూ ఉండి, నిద్ర పట్టక, ఒళ్లు బిగుసుకుని, చిరాకు పెరిగితే అది సాధారణ ఆందోళన రుగ్మత. నలుగురిలో మాట్లాడాలన్నా, ఫోన్ ఎత్తాలన్నా వణుకు వస్తుంటే సోషల్ యాంగ్జైటీ కావచ్చు.

ఆఫీసులో ఈ భయాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. లిఫ్ట్ మానేసి ఆరంతస్తులు మెట్లెక్కుతారు. తలుపు పక్క కుర్చీ కోసం మీటింగ్‌కు ముందే వెళతారు. ప్రజెంటేషన్ జూనియర్‌కు అప్పగిస్తారు. ఊరు మారాల్సి వస్తుందని ప్రమోషనే వద్దంటారు. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ ‘తప్పించుకున్నాను కాబట్టే బతికాను’ అన్న పాఠం మెదడులో గట్టిపడుతుంది.

చికిత్స ఉంది

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ బాగా పనిచేస్తుంది. భయపడే లక్షణాలను, చోట్లను కొద్దికొద్దిగా ఎదుర్కోవడం ఇందులో నేర్పుతారు. సాధారణంగా వారానికోసారి, కొన్ని నెలలు ఉంటుంది. అవసరమైతే సైకియాట్రిస్ట్ ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు రాస్తారు. గుణం కనబడటానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో దడ కొంచెం పెరగవచ్చు కూడా. తగ్గింది కదా అని సొంతంగా ఆపేయవద్దు. ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్ వెంటనే ఉపశమనమిస్తాయి గానీ అలవాటైపోతాయి. స్నేహితుడి దగ్గరున్న బిళ్ల అడిగి వేసుకోకండి. మద్యం రాత్రి మత్తు ఇచ్చినా, తెల్లారేసరికి ఆందోళనను పెంచుతుంది. నైట్ షిఫ్ట్‌లో కాఫీ, ఎనర్జీ డ్రింక్, సిగరెట్ తగ్గించండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత సేవ ఇది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆస్పత్రుల్లోనూ, ప్రభుత్వ బోధనాస్పత్రుల్లోనూ ఓపీ ఉంటుంది.

ఆఫీసులో ఎంతవరకు చెప్పాలి?

జబ్బు పేరు అందరికీ చెప్పనవసరం లేదు. మేనేజర్‌కు కావలసింది మాత్రం స్పష్టంగా చెప్పండి: ‘సార్, డాక్టర్ సలహా మీద చికిత్స తీసుకుంటున్నాను. బుధవారాలు నాలుగింటికి గంటసేపు బయటికి వెళ్లాలి. రెండు నెలలు నైట్ షిఫ్ట్ తప్పిస్తే మేలు. సర్టిఫికెట్ ఇస్తాను.’ ఇదే మాట మెయిల్లో కూడా పెట్టండి. చికిత్సకు సమయం అడగండి. ప్రజెంటేషన్ల నుంచి శాశ్వతంగా మినహాయింపు అడిగితే మాత్రం భయానికే మేత వేసినట్టు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఓపీ ఖర్చులు వస్తాయో లేదో పాలసీలో చూసుకోండి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి నిబంధనల మేరకు వైద్యంతో పాటు, అనారోగ్య సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది.

మేనేజర్లకు ఒక మాట. టీమ్ ముందు జబ్బు గురించి అడగకండి. మనిషితో రోజుకు పద్నాలుగు గంటలు పనిచేయిస్తూ యోగా క్లాసు పెట్టిస్తే సరిపోదు. పనిభారం తగ్గించడం మీ చేతిలో ఉన్న పని.

రాజీనామా ఆలోచన వస్తే, భయం మంచి ఊపులో ఉన్నప్పుడు ఆ మెయిల్ పంపకండి. కొన్ని ఉద్యోగాలు నిజంగానే వదిలేయాల్సినవి కావచ్చు. అది చికిత్స మొదలై, నిద్ర పట్టి, మనసు కుదుటపడ్డాక తేల్చుకోవాల్సిన సంగతి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా 14416కు చేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. మిగతావారు ఈ వారంలోనే ఒక పూట సెలవు పెట్టి డాక్టర్‌ను కలవండి. ఇది నయమయ్యే జబ్బు.