ముసలి కుక్కకు మత్తుమందు

"మాస్టారూ, మా కుక్కకు పదమూడేళ్ళు. పన్ను పుచ్చి చీము పట్టింది, అన్నం ముట్టడం లేదు. పన్ను తీయాలంటే మత్తు ఇవ్వాలట. మత్తిస్తే ముసలిది మళ్ళీ లేవదని మా నాయనమ్మ వద్దంటోంది. నిజమేనా?" అని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్ను అడిగాడు.

నాయనమ్మ భయం ఉత్తది కాదు. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు సుమారు 98 వేల కుక్కలకు మత్తు ఇచ్చినప్పుడు ఏం జరిగిందో లెక్కకట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాటిలో మత్తు వల్ల చనిపోయినవి దాదాపు 1,850కి ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో 75కి ఒకటి. వయసు కూడా అపాయాన్ని పెంచుతుందని తేలింది. అందుకే డాక్టరు ముందుగా గుండె చప్పుడు వింటాడు, రక్తం పరీక్షిస్తాడు, అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌తో గుండెను చూస్తాడు.

ఇంతకూ గుండెజబ్బుకూ మత్తుకూ సంబంధం ఏమిటి? పొలం కాలువను తలుచుకోండి. ప్రవాహం మందగిస్తే చివరి మడికి నీరు ఆలస్యంగా చేరుతుంది. నీరు రాలేదని తొందరపడి తూము ఇంకా ఎత్తితే, కాసేపటికి మడి మునుగుతుంది. నరానికి ఎక్కించిన మందును మెదడుకు చేర్చేది రక్తమే. గుండె బలహీనమైతే మందు ఆలస్యంగా చేరుతుంది. మత్తు ఎక్కలేదని మళ్ళీ మందు ఎక్కిస్తే రెండు మోతాదులూ కలిసి ఊపిరిని ఆపేయవచ్చు. కాబట్టి తెలిసిన డాక్టరు కొద్దికొద్దిగా ఇస్తూ, ఆగి చూస్తాడు. ముసలి జంతువులో కాలేయం, మూత్రపిండాలు కూడా నెమ్మదిస్తాయి గనుక ఎక్కిన మందు త్వరగా దిగదు.

గుండెజబ్బులన్నీ ఒకటి కావు. ముసలి కుక్కల్లో, ముఖ్యంగా చిన్న జాతుల్లో, గుండె కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. అలాంటిదానికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పిల్లుల్లో గుండె గోడ మందమై లోపలి గది ఇరుకవుతుంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే ఆ గది నిండడానికి వ్యవధి చాలదు. అందువల్ల వేగాన్ని పెంచే కెటమిన్‌ను ఆ పిల్లులకు సాధారణంగా వాడరు. వాటిని బెదరగొట్టకుండా పట్టుకోవడం కూడా వైద్యంలో భాగమే!

మత్తిచ్చే ముందు కొన్ని నిమిషాలు ఆక్సిజన్ పీల్చనిస్తారు. తర్వాత ఐసోఫ్లూరేన్ వంటి వాయువుతో మత్తు నిలుపుతారు. అది రక్తనాళాలను సడలించి రక్తపు పోటును తగ్గిస్తుంది. సగటు పోటు 60 మిల్లీమీటర్ల కన్నా దిగితే మూత్రపిండాలకు రక్తం చాలదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెంటీగ్రేడు. మత్తులో అది పడిపోతుంది, దుప్పటి కప్పాలి. నాడి, ఊపిరి, పోటు, వేడి చూడడానికే ఒక మనిషి ఉండాలి. కత్తి పట్టిన చేతికి ఆ పని అప్పగించకూడదని నా అభిప్రాయం.

అన్నట్టు, ఆ బ్రిటిష్ లెక్కల్లోనే ఇంకొక సంగతి ఉంది. మత్తు వల్ల చనిపోయిన కుక్కల్లో 47 శాతం, పిల్లుల్లో 61 శాతం చికిత్స జరుగుతుండగా కాదు, ముగిసిన తర్వాతే చనిపోయాయి. వాటిలో దాదాపు సగం మొదటి 3 గంటల్లోనే! కనుక లేచి నిలబడింది గదా అని వెంటనే ఇంటికి తీసుకుపోవద్దు.

ఆ కుర్రవాడికి ఇదంతా చెప్పి, కుక్కకు దగ్గు ఉందా, నాలుగడుగులకే రొప్పుతుందా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వమన్నాను. ఇంటికి తెచ్చాక చిగుళ్ళు చూస్తుండమన్నాను. అవి పాలిపోయినా, నీలం తిరిగినా తెల్లవారేదాకా ఆగకూడదు.