దాణా వేళ గుర్రం ఎందుకు కరుస్తుంది?

మా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నిరుడు కుడిచేతికి కట్టు కట్టుకుని బడికి వచ్చాడు. పరీక్షలకు రెండు వారాలే ఉంది. ఏమైందిరా అని అడిగితే, "గుర్రం కరిచింది సార్, పొద్దున దాణా వేస్తుంటే" అన్నాడు. వాళ్లది తాతల నాటి నుంచి జట్కా తోలిన కుటుంబం. జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి. ఆ ఇంట్లో మాత్రం పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే తెల్ల గుర్రం ఒకటి మిగిలింది. తండ్రి పగలంతా ఆటో నడుపుతాడు. గుర్రం మేత, నీళ్లు పిల్లవాడి పని.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "బ్యాండు మేళం మధ్య పసిబిడ్డలా నిలబడుతుంది మాస్టారూ. దాణా బకెట్టు చూస్తే మాత్రం సైతాను పట్టినట్టే. కొట్టి చూశాను, ఇంకా ముదిరింది. అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు ఆయన. అది అమ్ముడుపోతే ఆ ఇంటికి పెళ్లిళ్ల కాలం రాబడి పోయినట్టే.

నేను పశువైద్యుణ్ణి కాను. పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. కానీ మర్నాడు ఉదయం దాణా వేసేటప్పుడు నిలబడి చూస్తే, బి.ఎడ్.లో చదువుకున్న పాఠమే కళ్లముందు కనిపించింది. బకెట్టు చప్పుడు వినగానే గుర్రం ముందుకాలితో నేల గీరింది. చెవులు మెడకు అంటుకునేలా వెనక్కి వేసింది. తల విసిరి పళ్లు చూపించింది. పిల్లవాడు భయపడి దాణా గబగబా తొట్టిలో కుమ్మరించి బయటకు పరుగెత్తాడు. గుర్రం వైపు నుంచి ఆలోచించండి. తాను గీరింది, బెదిరించింది; వెంటనే దాణా పడింది. ఏ పనికి మంచి ఫలితం దక్కుతుందో ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతుందని థార్న్‌డైక్ చెప్పిన ఫలిత నియమం ఇదే. గుర్రానికి ఈ దురలవాటు ఎవరో నేర్పలేదు. తెలియకుండా మనమే రోజుకు రెండుపూటలా నేర్పాం.

అయితే సగం కథే ఇది. మిగతా సగం దాని పొట్టలో ఉంది. గుర్రం రోజులో పదహారు గంటల దాకా గడ్డి కొరుకుతూ తిరగడానికి పుట్టిన జంతువు. అంత పెద్ద శరీరంలో జీర్ణాశయం చాలా చిన్నది, పెద్ద గుర్రానికి కూడా 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. అందులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, మేత ఉన్నా లేకపోయినా. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం. పావ్లోవ్ కుక్కకు గంట వినగానే నోరూరింది కదా, గుర్రానికి లాలాజలం ప్రధానంగా నమిలేటప్పుడే ఊరుతుంది. నమలడానికి ఏమీ లేకుండా గంటల తరబడి కట్టేస్తే ఆమ్లం ఉట్టి పొట్టను కొరుకుతుంది, పుండ్లు పడతాయి. ఈ గుర్రానికి రాత్రి ఎనిమిదికి మేత వేస్తే మళ్లీ ఉదయం ఆరింటికే. పెళ్లి ఉన్న రోజు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఏమీ ఉండదు. అలాంటి కడుపుతో ఉన్నదాని ముందు ఉలవల బకెట్టు ఊపితే మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి ముందు కడుపు, తర్వాత క్రమశిక్షణ. మొదట చేసిన మార్పు గడ్డి. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకు ఆరు కిలోల దాకా ఎండుమేత కావాలి. దాన్ని రెండుసార్లు కాకుండా నాలుగైదు సార్లుగా పంచాం. రాత్రి పడుకునే ముందు వేసేది చిన్న కన్నుల తాళ్ల వల సంచిలో వేసి, కాలు చిక్కుకోని ఎత్తులో కట్టాం. కొంచెం కొంచెంగా లాక్కుంటూ చాలాసేపు తింటుంది. గడ్డి వేశాకే దాణా. దాణా ఒక్కసారిగా ఎక్కువ వేయకూడదు, ఇంత గుర్రానికి పూటకు కిలో మించకపోవడం మంచిది. గుర్రం వాంతి చేసుకోలేదు. ఆబగా మింగింది లోపల బెడిస్తే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. ఉలవలు నానబెట్టి ఉడికించే అలవాటు మన పెద్దలది, మానవద్దు. (ఇంగ్లీషువాళ్లు ఉలవలకు పెట్టిన పేరులోనే గుర్రం ఉంది!) చవకని తవుడు మాత్రం ఎక్కువ వేయకండి. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఎముకలు దెబ్బతింటాయి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

తర్వాత పాఠం. దీన్ని మొదట తండ్రే చేయాలన్నాను, పిల్లవాణ్ణి దూరంగా ఉంచాం. అడ్డకర్ర బయట నిలబడి బకెట్టు చూపించాలి. గుర్రం గీరినా, చెవులు వెనక్కి వేసినా ఒక అడుగు వెనక్కి వేసి ఆగిపోవాలి. తిట్టకూడదు, కొట్టకూడదు. కొడితే దాణా తెచ్చే మనిషంటేనే దానికి భయం, కోపం పెరుగుతాయి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనించి, తల పక్కకు తిప్పిందా, అది ఒక్క క్షణమే అయినా సరే, వెంటనే బయటి నుంచే తొట్టిలో వేయాలి. మర్నాడు రెండు క్షణాలు, ఆ తర్వాత ఐదు.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. మొదటి మూడు నాలుగు రోజులు అల్లరి తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నించడం పిల్లలకూ ఉన్న గుణమే. మూడోరోజు ఆ తండ్రి ఫోన్ చేసి "తలుపు తన్నేస్తోంది మాస్టారూ, వేసేయనా?" అన్నాడు. ఇప్పుడు వేస్తే గీరడం చాలదు, తన్నాలి అని నేర్పినట్టవుతుందన్నాను. ఆగాడు. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఒకరు ఆగి, ఇంకొకరు జాలిపడి వేస్తే అలవాటు ఎప్పటికీ పోదు.

పశువైద్యుడికి కూడా చూపించాం. దవడ పళ్ల అంచులు వాడిగా పెరిగి బుగ్గ లోపల గాయం చేస్తున్నాయి, వాటిని అరగదీశారు. గుర్రం దాణా మధ్యలో వదిలేసినా, సన్నబడినా, తింటూ కూడా చెవులు వెనక్కి వేసినా అది అల్లరి కాకపోవచ్చు, నొప్పి కావచ్చు. రెండు గుర్రాలున్నవారు తొట్లు దూరదూరంగా పెట్టాలి. పక్కదాన్ని తరమబోయి వేసే తన్ను మధ్యలో ఉన్న మనిషికే తగులుతుంది.

నెల తిరిగేసరికి ఆ గుర్రం బకెట్టు చూసి తల పక్కకు తిప్పి నిలబడటం మొదలుపెట్టింది. చెవులు ఇప్పటికీ ఒక్కోసారి వెనక్కి పడతాయి. అమ్మకం మాట ఆగిపోయింది. పిల్లవాడు పరీక్షలు ఎడమచేత్తో రాయాల్సిన అవసరం రాలేదు. దాణా వేయడం మాత్రం ఇప్పటికీ అడ్డకర్ర బయటి నుంచే.

ఈ సంచిక చదివే పెద్దల ఇళ్లలో ఏటా పెళ్లిళ్లు జరుగుతాయి. ఊరేగింపులో ముచ్చటపడి గుర్రం నోటికి లడ్డూ, బెల్లం అందించే పిల్లలను కాస్త వారించండి. చేతుల్లో తినుబండారం వెతకడం అలా అలవాటై, దొరకనప్పుడు వేళ్లు కొరుకుతుంది. అద్దెకు మాట్లాడేటప్పుడే యజమానికి చెప్పి, ఊరేగింపు మొదలయ్యే ముందు పదిహేను నిమిషాలు గడ్డి తిననివ్వండి. బండిలో ఒక మోపు గడ్డి తెచ్చుకోమంటే చాలు.